అన్నయ్య పేరు మీద ఫోను

కువైట్‌లో నేనొక్కడినే చేసిన మహా పోరాటం గురించి రాద్దామని కూర్చున్నాను. పోరాటమేమీ లేదు, సాల్మియాలో ఫోన్ల షాపుకి వెళ్లొచ్చాను, అంతే.

నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్‌లో ఉందని, మా రూమ్మేట్ సత్తిబాబు అన్నయ్య తన సివిల్ ఐడీ మీద నాకు నెలనెలా డబ్బు కట్టే కాంట్రాక్టు ఫోను ఇప్పించాడు. కూతురి పుట్టినరోజుకి పంపమని అందులోనే ఒక వీడియో తీయించుకున్నాడు. ఆ రోజు రాకముందే గుండెపోటుతో పోయాడు. శవాన్ని ఊరికి పంపిన వారానికి ఫోను కూడా ఆన్ అవ్వకుండా ఆగిపోయింది.

ఊరి నుంచి వదిన నేను పనిచేసే హోటలుకి ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఆ వీడియో ఒక్కటీ పంపవా, పాప అడుగుతోంది."

షాపులో సేల్స్‌మన్ హిందీలో చెప్పాడు. "వారంటీ ఉంది భాయ్. కాంట్రాక్టు ఎవరి పేరున ఉందో ఆయనే రావాలి."

"ఆయన రాలేరు."

"ఊరెళ్లారా? పర్లేదు, వచ్చాకే తీసుకురండి."

"పెట్టెలో వెళ్లారు," అన్నాను.

అతను ఇంకేమీ అడక్కుండా ఫోను తీసుకున్నాడు. మనిషి మంచివాడని సంబరపడ్డాను. సర్వీసు సెంటర్‌లో ఫొటోలూ వీడియోలూ ఉండే బోర్డే మార్చేసి పంపారు. లోపల ఒక్క ఫొటో కూడా లేదు.

"పోయింది వదినా," అన్నాను.

"సర్లే తమ్ముడూ," అని వెంటనే పెట్టేసింది.

కొత్త బోర్డుకి మాత్రం ఇంకో ఏడాది వారంటీ ఉంది.