రేకుల షెడ్డు కనపడకూడదు

మా ఇంట్లో రోలర్ కోస్టర్ పిచ్చి నా భార్యది. నాది సంచులు పట్టుకునే ఉద్యోగం. ఏ పార్కుకు వెళ్ళినా ఆమె పైన కేకలు పెడుతుంటే నేను కింద బెంచీ మీద ఆమె చెప్పులు, కళ్ళద్దాలు, నీళ్ళ సీసా, మా పాప, అన్నీ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నిచ్చెన ఎక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి. లాల్‌దర్వాజాలో తాతల నాటి నుంచి మాకు గిన్నెల దుకాణం ఉంది. పై అరలోంచి ఇత్తడి బిందె దించాలన్నా పనివాణ్ణే ఎక్కిస్తాను. ఇలాంటి కొడుకు పుట్టాడని మా నాన్న పోయేదాకా బాధపడ్డాడు.

ఆమె వాళ్ళది కోస్తా. వాళ్ళ నాన్న సర్కారు ఉద్యోగం మీద వచ్చి మా గల్లీలోనే అద్దెకు దిగాడు. మాకు బోనాలంటే ఏటేటా చేసే పని. ఆమెకు మాత్రం ఎన్నేళ్ళయినా అబ్బురమే. పెళ్ళయిన మొదటి ఏడే నెత్తిన బోనం పెట్టుకుని, మెడ కదపకుండా గుడిదాకా నడిచింది. మా అమ్మ ముక్కున వేలేసుకుంది. ఆ రోజు నుంచి మా అమ్మకు కొడుకు కంటే కోడలే ఎక్కువైంది. ఆ సంగతి ఎవరికి చెప్పుకున్నా నవ్వారే తప్ప నా పక్షం ఒక్కరూ రాలేదు.

ఆమె ఫోనులో కోస్టర్ అభిమానుల గ్రూపు ఒకటి ఉండేది. దేశమంతా తిరిగి ఎక్కినవాళ్ళు, ఒక్కటీ ఎక్కకుండా వీడియోలు చూసి తీర్పులు చెప్పేవాళ్ళు, అందరూ అందులోనే. ఊరి బయట ఒక పార్కువాళ్ళు పిల్లలూ పెద్దలూ కలిసి ఎక్కే కొత్త రైడు పెడుతున్నామని, దాని చుట్టూ పాతబస్తీ థీమ్‌తో ఒక ప్రాంతమంతా కడుతున్నామని, అది ఎలా ఉండాలో అభిమానులే చెప్పమని ప్రకటించారు. ఇంకేముంది, గ్రూపులో ఒకటే లొల్లి. ఒకరికి చీకటి సొరంగం కావాలి. ఒకరికి చార్మినార్ మధ్యలోంచి రైలు దూసుకుపోవాలి. ఒకాయనకు డ్రాగన్ కావాలి. పాతబస్తీలో డ్రాగన్ ఏమిటని అడిగితే, డ్రాగన్ లేకపోతే పిల్లలెవరు వస్తారని ఆయన ఎదురు ప్రశ్న.

నా భార్య చపాతీలు ఒత్తడం ఆపి, పిండి చేతులతోనే వాళ్ళకు జవాబులు రాసేది. రాసినవి నాకు చదివి వినిపించేది.

"చార్మినార్ వద్దండీ. బిస్కట్ డబ్బా మీద కూడా అదే కదా. బోనాలు పెట్టమంటున్నాను. రైలు ఫలారం బండిలా ఉండాలి."

బోనాల నాడు అమ్మవారి ప్రసాదాలు పెట్టి, పూలతో, దీపాలతో ముస్తాబు చేసి ఊరేగించే బండి అది. మా గల్లీలోంచి వెళుతుంటే ఆమె డాబా మీది నుంచి దిగేది కాదు.

"గేటు మీద పసుపు ముఖంతో అమ్మవారి ఘటం ఉండాలి. అటూ ఇటూ పోతురాజులు కొరడాలు పట్టుకుని నిలబడాలి. వేపమండలు కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, పైకెక్కినప్పుడు వెనక రేకుల షెడ్డు కనపడకూడదు."

"కనపడితే ఏమవుతుంది?" అన్నాను.

"అప్పటిదాకా జాతరలో ఉంటామండీ. షెడ్డు కనపడగానే టిక్కెట్టు కొనుక్కుని వచ్చామని గుర్తొస్తుంది."

ఇదంతా పార్కువాళ్ళకు రాసి పంపింది. పాప పక్కనే కూర్చుని పోతురాజులకు మీసాలు ఎంత పొడుగుండాలో చెప్పింది. మా పాప పొట్టిది. ప్రతి పార్కులోనూ ఎత్తు కొలిచే కర్ర దగ్గరే దాని ఆట ముగిసిపోయేది. ఈ కొత్త రైడులో పక్కన పెద్దవాళ్ళుంటే పొట్టి పిల్లలూ ఎక్కవచ్చని చదివి, "మనిద్దరం కలిసి ఎక్కుదాం," అని ఆమె దానికి మాటిచ్చింది.

ఆ చలికాలం జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి నడిచి తిరిగి రాలేదు.

నాకు ఏడుపు రాలేదు. దుకాణం తీశాను, గిన్నెలు తూచాను, పాపకు జడలు వేయడం నేర్చుకున్నాను. వచ్చినవాళ్ళు నన్ను చూసి గుండె రాయి చేసుకున్నాడన్నారు. నేనేమీ చేసుకోలేదు, అదే అయింది. కూరలో ఉప్పు లేదని మా అమ్మ చెబితే గాని నాకు తెలిసేది కాదు.

నా భార్య ఫోనుకు మాత్రం రోజూ చార్జింగ్ పెట్టేవాణ్ణి. గ్రూపులో కట్టడం ఫొటోలు వచ్చేవి. "అక్కా, చూశారా? ఘటం పెడుతున్నారు! మీరు అడిగిందే!" అని ఎవరో రాశారు. అలా అడిగినవాళ్ళు ఇంకా చాలామంది ఉండవచ్చు, ఎవరి మాట విన్నారో నాకు తెలియదు. అక్కయ్య ఏమైంది, పలకడం లేదని కొన్నాళ్ళు అడిగారు. చెప్పాలంటే ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం రాసే ఓపిక నాకు లేక ఫోను బోర్లించి పెట్టేవాణ్ణి.

వేసవి సెలవుల్లో ఆ ప్రాంతం తెరిచారు. పాప ఒక్కసారే అడిగింది. మాకు అప్పుడు ఏటి సూతకం. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా పండగలుండవు, గుడి మెట్లు ఎక్కకూడదు. కొరివి పెట్టినవాణ్ణి కాబట్టి నాకు పట్టింపు మరీ ఎక్కువ. అయినా మా అమ్మ సరేనంది.

"గది గుడి కాదు గద, జైంట్ వీల్ అసొంటిది. పోదాం పా. పొల్ల ఎన్ని దినాలసంది ముడుచుకొని కూసున్నదో సూడు."

ముగ్గురం వెళ్ళాం. దూరం నుంచే డప్పుల చప్పుడు. గేటు మీద మేడంత ఘటం, పసుపు ముఖం, ఇంతింత కళ్ళు. అటూ ఇటూ పోతురాజులు. పాప చెప్పినంత పొడుగు మీసాలు. నిజం వేపమండలు కట్టారు. ఆ గేటు దగ్గర చెప్పుల కుప్ప. చెప్పులు విడవనక్కరలేదని పార్కువాళ్ళు బోర్డు పెడితే, ఆ బోర్డు కిందే విడిచి లోపలికి వెళుతున్నారు జనం. ఆడవాళ్ళు పోతురాజుల కాళ్ళకు కుంకుమ పెడుతున్నారు. ఎవరో అభిమాని, మెడలో కెమెరా వేసుకుని, రంగు పాడవుతుంది ముట్టుకోకండని మొత్తుకుంటున్నాడు. అతని మాట వినే నాథుడు లేడు.

మా అమ్మ ఒక కాలి చెప్పు విడిచింది. రెండో కాలి చెప్పు విడవబోయి ఆగిపోయింది.

"ఆగురా. ఇది గుడే."

"అమ్మా, అది ఫైబర్ బొమ్మ."

"మన గల్లీల అమ్మోరు గూడ మొదలు మట్టే. మొక్కినంక తల్లి అయింది."

మా అమ్మతో వాదించే కంటే గోడకు తల కొట్టుకోవడం నయం, గోడ కనీసం తిరిగి మాట్లాడదు. అయినా ఆమె న్యాయం తెలిసిన మనిషి. రైడు గేటు దగ్గర ఖాకీ చొక్కాతో నిలబడిన మనిషిని పిలిచి అడిగింది.

"బిడ్డా, గీ తల్లికి ఎవరన్న పూజ చేస్తరా?"

లేదని చెప్పమని నేను వెనక నుంచి కళ్ళతో సైగ చేశాను. అతను నా వంక చూడనే లేదు.

"రోజు పొద్దుగాల నేనే చేస్తనమ్మా," అన్నాడు సంబరంగా. "బండి షురూ చేసే ముందుగాల అగరొత్తి ముట్టిచ్చి నిమ్మకాయ పెడ్త. మిషన్ గద, తల్లి సల్లగ సూడాలె."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా పూజారి ఖాకీ చొక్కాలో ఉన్నాడు, అంతే తేడా.

"ఇన్నవా?" అంది మా అమ్మ. "కొరివి వెట్టిన చేతులతోని గీ గడప దాటుతవా?"

పాప అప్పటికే వెళ్ళి కొలత కర్రకు ఆనుకుని నిలబడింది. గీతకు కొంచెం కింద ఆగింది తల. పక్కన పెద్దవాళ్ళు లేనిదే ఎక్కనివ్వరు. నేను దాటకూడదు, మా అమ్మా దాటకూడదు. మా మాటలు వింటున్న ఒక బురఖా ఆవిడ, చంకలో ఒకడు, బురఖా పట్టుకుని ఇంకొకడు, "ఫికర్ నక్కో కరో భాయ్, బేటీకో మై బిఠా లేతీ," అని పాపను తన పక్కన కూర్చోబెట్టుకుంటానంది. పాప తల అడ్డంగా ఊపింది.

"అమ్మతోనే ఎక్కుతా అనుకున్న. లేకుంటే నీతోనే. ఇంకెవ్వరితోని ఎక్కను," అంది నాతో.

బండి మా ముందు నుంచే వెళ్ళింది. కాగితం పూలు, దీపాలు, ముందర గుమ్మడికాయ. అచ్చం ఫలారం బండి. "అమ్మ చెప్పినట్టే ఉన్నది నాన్నా," అని పాప చూస్తూ నిలబడింది. ఏడవలేదు. ఇంకో ఏడాదైతే మా అమ్మ మీద కేకలేసి, పాపను ఎత్తుకుని లోపలికి పోయేవాణ్ణేమో. ఆ రోజు నాకు కోపం కూడా రాలేదు. నా భార్య అడిగింది అడిగినట్టు కట్టారు. మమ్మల్ని లోపలికి రానివ్వనంత బాగా కట్టారు. ఏడాది అయినాక వద్దామన్నాను. పాప సరేనంది. తిరిగి వచ్చేశాం.

ఆషాఢంలో బోనాలొచ్చాయి. గల్లీ అంతా లైట్లు, మా వాకిలి ఒక్కటే చీకటి. ఫలారం బండి మా ఇంటి ముందు నుంచి పోతుంటే మా అమ్మ కిటికీ మూసి, కోడలు ఎత్తుకునే ఇత్తడి బోనాన్ని ముందు పెట్టుకుని చింతపండుతో తోముతూ కూర్చుంది. తళతళలాడుతున్నదాన్ని మళ్ళీ తోమింది. నేను టీవీ చూశాను. ఏం చూశానో గుర్తు లేదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం పెట్టి, మైల వదిలించుకుని, ఆ తర్వాతి ఆదివారమే ముగ్గురం మళ్ళీ బయలుదేరాం.

డప్పులు వినపడలేదు. గేటు మీద ఘటం లేదు. దాని చోట చార్మినార్, చార్మినార్ పక్కన పెద్ద చాయ్ కప్పు, కప్పు అంచున కాళ్ళూ చేతులూ కళ్ళూ ఉన్న ఉస్మానియా బిస్కట్ కూర్చుని నవ్వుతోంది. పోతురాజులు లేరు. చెప్పుల కుప్ప లేదు. బండికి పూలు తీసేసి ఎర్ర రంగు పూశారు. ఖాకీ చొక్కా మనిషి మాత్రం అతనే.

"తీసేసిన్రమ్మా," అన్నాడు మా అమ్మతో. "జనం మొక్కుడు వెట్టిన్రు, లైను కదలకపాయె. చెప్పులు మారి రోజు కొట్లాటలు. అమ్మోరిని ఆటబొమ్మ చేసిన్రని కొందరికి గుస్స. ఇగ ఆఫీసోల్లు ఊకుంటరా?"

మా అమ్మ ఆ బిస్కట్ వంక చాలాసేపు చూసింది. "అప్పుడే పంపియ్యకపోతి," అంది. ఎవరితో అందో తెలియదు. మా అమ్మ తన మాట తప్పని ఒప్పుకోవడం నేను పుట్టి ఎరగను.

పాప కర్రకు ఆనుకుని నిలబడింది. తల గీత దాటింది.

"పాప ఒక్కతే కూసోవచ్చు," అన్నాడతను.

నాకు ప్రాణం కుదుటపడింది. సంచి సర్దుకుని బెంచీ కోసం వెతుకుతున్నాను. పాప నా వేలు వదలలేదు.

"నాన్న గూడ వస్తడు," అంది అతనితో.

సంచి, చెప్పులు, కళ్ళద్దాలు మా అమ్మ చేతికిచ్చాను. బెంచీ మీద నా చోట ఆమె కూర్చుంది.

ఇనుప కడ్డీ ఒళ్ళోకి దిగింది. గొలుసు కటకటమంటూ బండిని పైకి లాగుతుంటే కళ్ళు మూసుకుని, నాకు వచ్చిన దేవుళ్ళనందరినీ తలుచుకున్నాను. "కళ్ళు తెరువు నాన్నా, మంచిగ కనపడ్తున్నది," అని పాప భుజంతో పొడిచింది. తెరిచాను.

గోడ వెనక రేకుల షెడ్డు కనిపించింది. షెడ్డు పక్కన విరిగిన బోర్డులు, పాత టైర్లు, వాటి మధ్య ఆకాశం వైపు చూస్తూ పడుకున్న ఘటం. వానకు పసుపు చారలు చారలుగా దిగింది. నుదుటన కుంకుమ మాత్రం ఎర్రగా ఉంది. ముఖం పక్కన ఎవరో వేపమండ పెట్టారు, అది ఇంకా పచ్చిగానే ఉంది.

షెడ్డు కనపడింది చూశావా అని చెబుదామని పక్కకు తిరిగాను. చెప్పబోయింది నా భార్యకు. పక్కన పాప ఉంది. ఆమె లేదు. ఏడాదిగా అందరూ నాకు చెబుతున్న ఆ మాట అప్పుడు నాలోకి దిగింది. వెక్కి వెక్కి ఏడ్చాను. బండిలో అందరూ అరుస్తూనే ఉన్నారు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. పాప వాళ్ళమ్మలాగే రెండు చేతులూ పైకెత్తి ఉంది. నన్ను చూసి ఒక చెయ్యి దించి నా చేతి మీద వేసింది.

"భయపడకు నాన్నా," అంది. "ఎక్కుడు అయిపోయింది. ఇగ కిందికే."

తిరుగు ప్రయాణంలో మా అమ్మ బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నా భార్య ఫోను నా జేబులోనే ఉంది. తీసి చూశాను. గ్రూపులో ఆ బిస్కట్ ఫొటో పెట్టి తిట్టిపోస్తున్నారు. "అక్కా, మీరైనా చెప్పండి, ఇదేం థీమ్?" అని ఎవరో మళ్ళీ ఆమెనే అడిగారు. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాశాను.

"నేను ఆమె భర్తను. ఈ రోజు నేనూ మా పాపా ఎక్కాం. బండి బాగానే ఉంది. కానీ పైకెక్కితే వెనక రేకుల షెడ్డు కనపడుతోంది. ఆమె ఉంటే ఒప్పుకునేది కాదు."

పాపకు చూపించాను. పెదవులు కదుపుతూ చివరిదాకా చదివింది. చివరి మాట దగ్గర ఆగి, మళ్ళీ చదివి, పంపమంది. పంపాను.