బెల్లం యముడు

చావును చూసి మా అవ్వ నవ్వడం నేను మొదటిసారి చూసింది బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్లబ్బులో, ఒక ఆదివారం సాయంత్రం. అవ్వ అంటే అమ్మే, బాపు అంటే నాన్నే, మా వైపు అలాగే పిలుస్తాం. డెబ్బైల మొదట్లో మాట. మా అన్న ఆ ఫ్యాక్టరీ ల్యాబులో చెరకు రసం పరీక్ష చేసేవాడు కాబట్టి క్లబ్బులో సినిమా వేసినప్పుడల్లా మా ఇంటిల్లిపాదికీ కుర్చీలు దొరికేవి. నేను ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచర్ని. ఇరవై నాలుగేళ్లు, సినిమా అంటే పడి చచ్చేదాన్ని.

ఆరోజు అసలు సినిమాకు ముందు ఏదో పరదేశపు చిన్న సినిమా వేశారు. అందులో మనుషులు లేరు, అన్నీ జానెడు బొమ్మలే. చెప్పులు కుట్టే ముసలాయన ఇంటికి చావు వస్తుంది. నల్ల కోటు తొడుక్కున్న ఎముకల బొమ్మ. గుమ్మంలోనే తుమ్ముతుంది. తుమ్మగానే దవడ ఊడి కింద పడుతుంది. దవడ కోసం వంగితే చెయ్యి ఊడుతుంది. ముసలాయన జాలిపడి సూదీ దారం తీసి అన్నీ కుట్టిపెడతాడు. చావు మర్యాదగా తల వంచి దండం పెట్టబోతుంది, తల కూడా ఊడిపోతుంది.

హాలంతా గొణుగుడు మొదలైంది. "శుభమా అని సిన్మాకొస్తె ఈ పీనుగలేంది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మా బాపు విసురుగా లేచి బయటికి పోయి సైకిళ్ల దగ్గర నిలబడ్డాడు. మా అవ్వ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆమె నవ్వుకు ఇనుప కుర్చీ కిర్రుకిర్రుమంటోంది.

"పాపం బిడ్డా, దానికి పడిశం పట్టింది," అంది నా చెవిలో.

ఆ నవ్వు మాకు ఎందుకంత గొప్పదో చెప్పాలి. అంతకు పదిహేను రోజుల ముందు నిజామాబాద్ దవఖానలో డాక్టరమ్మ అవ్వ కడుపు తడిమి చూసి, లోపల గడ్డ ఉంది, వానలు పడేలోపు కోసి తీసెయ్యాలి, ఆలస్యమైతే నా చేతుల్లో ఉండదు అంది. కొయ్యడం అన్న మాట వినగానే అవ్వ మంచానికి అతుక్కుపోయింది. "కోస్తె నేను మల్ల లెవ్వ," అని ఒకటే పాట. బాపు ఏమో ఇంట్లో చావు అన్న మాటే రాకూడదని శాసించాడు. ఎండకు తులసి మొక్క చచ్చిపోయిందన్నా నా మీద ఉరిమేవాడు. మాట మానేస్తే భయం పోతుందని ఆయన నమ్మకం. అది పోలేదు సరికదా, మాతో పాటే పీట వేసుకుని అన్నానికి కూర్చునేది.

సినిమా అయ్యాక అన్న స్నేహితుడు, కోస్తా నుంచి వచ్చి ఫ్యాక్టరీలో చేరిన ఇంజనీరు, అలాంటివి ఎలా తీస్తారో చెప్పాడు. "బొమ్మను కాస్త కదపడం, ఒక ఫొటో తీయడం. మళ్లీ కాస్త కదపడం, ఇంకో ఫొటో. అంతేనండి. చావు పుర్రె మీద వేలిముద్రలు చూశారా? అవి బొమ్మ చేసినవాడివండి."

నేను చూశాను. నాకు ఆ సినిమా పిచ్చి పట్టింది కూడా అక్కడే. మామూలు సినిమాల్లో ఎవరైనా పోతే పావుగంట దగ్గు, ఒక పాట, మనమంతా ముక్కు చీదుకోవడం. ఇక్కడ చావు జానెడే. దానికీ జలుబు చేస్తుంది. ఎవరో ఒకరు చెయ్యి వేసి కదపకపోతే అది అడుగు కూడా వెయ్యలేదు. అంత చేతకాని దాన్ని చూసి ఎవరైనా ఎంతసేపని భయపడతారు?

ఆ ఇంజనీరు దగ్గర చిన్న సినిమా కెమెరా, ఒక ఖాళీ రీలు ఉన్నాయని తెలిసి, ఇంటికి నడుస్తూ దారిలోనే అవ్వ మెలిక పెట్టింది. "ఇసొంటిది మనం గూడ ఒకటి తీద్దాం. అది అయినంక పోత దవఖానకు. మీ బాపుకు చెప్పు."

బాపు ఆమె పక్కనే నడుస్తున్నాడు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం మేము ఎరగం. పిల్లలం పుట్టిందే కబుర్లు మోయడానికన్నట్టు ఉండేది.

"ఒట్టు వెయ్యమను," అన్నాడు బాపు నాతో. అవ్వ నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

కథ అవ్వదే. ముసలమ్మ ఇంటికి యముడు వస్తాడు. ఆమె పీట వేసి, కారం దంచినంక వస్త, జర ఆగు అంటుంది. దంచడం అయ్యాక ఇల్లు అలకాలంటుంది, అలికాక పప్పు విసరాలంటుంది. ముసలమ్మను నేను చెరకు పిప్పితో, గుడ్డపీలికలతో చేశాను. యముణ్ణి నల్లరేగడి మట్టితో చేస్తే ఆరగానే పగిలి, ముక్కూ మీసం రాలిపోయాయి. అప్పటిదాకా మా బొమ్మల వైపు కన్నెత్తి చూడని బాపు గడపలో నిలబడి, "మట్టెందుకు? బెల్లం పెట్టుండ్రి. లేత పాకం తీసిస్త. ఎట్ల వంచితె అట్ల వంగుతది," అన్నాడు.

మోస్రా దగ్గర మా చేలో ముప్పై ఏళ్లకు పైగా బెల్లం వండిన మనిషి. పాకం ఏ వేడికి గట్టిపడుతుందో, ఏ వేడికి జారుతుందో వాసనతోనే చెప్పేవాడు. ఆయనంతటివాడు చెప్పాక మాకు ఇంక అనుమానమెందుకు? బెల్లం యముడు బాగా కుదిరాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ, బొజ్జతో, కొబ్బరి పీచు మీసంతో ఉన్నాడు. దున్నపోతు నాకు చేతకాలేదు కాబట్టి పాపం నడిచే వచ్చాడు.

వెనక గది కిటికీకి గోనెసంచి కట్టి, రెండు పెద్ద బల్బులు పెట్టాం. బొమ్మలు కదపడం నా పని. డ్యూటీ దిగి వచ్చాక మీట నొక్కడం అన్న పని. బల్బుల పని బాపు అడిగి మరీ తీసుకున్నాడు. "పోరగాండ్లు, కరెంటు కాడ మీకేం తెలుస్తది?" అన్నాడు. నాకు ఇరవై నాలుగు, అన్నకు ఇరవై ఏడు. అవ్వ పీట మీద కూర్చుని హుకుంలు జారీ చేసేది.

"గంత దూరం జరపకు. నువ్వుగింజంత జరుపు."

యముడు గుమ్మం నుంచి పీట దాకా రావడానికి మూడు రోజులు పట్టింది. రోకలి ఒక్కసారి పైకి లేచి కిందికి దిగడానికి ఒక సాయంత్రం. చూడ్డానికి వచ్చిన ఇంజనీరు తల గోక్కున్నాడు. "అమ్మగారూ, ఇలా అయితే యముడుగారి పని దసరాకు గానీ తేలదండి."

"తేలకుంటె ఏమాయె బిడ్డా? మనకేం తొందర?" అంది అవ్వ తియ్యగా.

అప్పుడు వెలిగింది నాకు. ఆమె సినిమా తీయడం లేదు, రోజులు సాగదీస్తోంది. నేను బాపు వైపు చూశాను. ఆయన ఏమీ వినపడనట్టు బల్బు తుడుస్తున్నాడు.

ఒక పొద్దున చూస్తే యముడికి ఎడమ చెవి లేదు, చీమలు పట్టుకుపోయాయి. అవ్వ సంబరం చూడాలి! నేను కొత్త చెవి అతికించి, బల్ల కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను. చీమల మీద పెట్టిన ధ్యాస యముడి మీద పెట్టలేదు. రోజూ చూసే మనిషి ముసలివాడవడం తెలియనట్టే, ఆయన కుంగడం మాకు తెలియలేదు. జానెడు ఉన్నవాడు బెత్తెడయ్యాడు. బొజ్జ జారి మోకాళ్ల మీదికి వచ్చింది.

"బల్బులు మస్తు దగ్గరకొచ్చినయ్ బాపు," అన్నాడు అన్న.

"ఎలుగు సాల్తలేదన్నది మీరె గద," అన్నాడు బాపు.

రెండో వారం ఒక సాయంత్రం, మేము చూస్తుండగానే యముడి తల మెడలోకి, మెడ బొజ్జలోకి దిగిపోయాయి. చివరికి పీట మీద కొంత పాకం, అందులో పీచు మీసం మిగిలాయి. రీలు కూడా కొంచెమే మిగిలింది. అన్న ఊరుకోకుండా మిగతా మీట నొక్కులన్నీ గోడ మీదుగా వచ్చిన చీమల మీద ఖర్చు పెట్టాడు.

"కారం దంచుడే గాలె, ఈయన అప్పుడె పాయె," అని అవ్వ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒట్టు గుర్తొచ్చి ఆగింది. తర్వాత నాతో అంది, "రీలు బొంబాయికి పోయి కడిగించుకొని రావాలె గద? అది సూసినంక పోత. మీ బాపుకు చెప్పు."

బాపు నా కోసం ఆగలేదు. జీవితంలో మొదటిసారి మా ముందు ఆమె మొహంలోకి చూసి మాట్లాడాడు. "సూసి నిమ్మళంగ పోదమనుకున్నవా? గట్ల గాదు. ముందు దవఖాన. సిన్మా సూడాలంటె నువ్వు మల్ల ఇంటికి రావాలె." నాకు ఏడుపు ఆగలేదు.

అవ్వ పీట మీంచి లేచి, దవఖానకు ఏ చీరలు తీసుకుపోవాలని నన్ను అడిగింది.

ఇరవై రోజులకు తిరిగొచ్చింది. సగం మనిషైంది గానీ నోరు నిండుగానే ఉంది. కడుపులోంచి తీసిన గడ్డను మొదటి వారం నిమ్మకాయంత అని చెప్పేది, రెండో వారానికి అది కొబ్బరికాయంత అయింది. రీలు వచ్చింది. మా ముందు గదిలో గోడకు దుప్పటి కట్టి, ఇంజనీరు మిషను తిప్పాడు.

యముడు దర్జాగా వచ్చాడు, కూర్చున్నాడు. ముసలమ్మ దంచుతూనే ఉంది. ఆమె రోకలి లేచి దిగేలోపు ఆయన నడుం వంగింది, భుజాలు జారాయి. ఆమె కోసం ఎదురుచూసి చూసి ముసలివాడై పోయినట్టే ఉంది. అవ్వ కుట్లు పట్టుకుని, నవ్వలేక నవ్వింది. అంతలో తెర మీద ఏదో పెద్దది, నల్లటిది, మెరిసినట్టు వచ్చి పోయింది.

"ఆగు, ఆగు. అదేంది?" అంది అవ్వ.

ఇంజనీరు మిషను ఆపి, రీలు లాగి, ఆ ముక్కను బల్బుకు ఎదురుగా పట్టాడు. అందరం వంగి చూశాం. అన్న అటు తిరిగి మీట నొక్కిన క్షణంలో పడ్డ బొమ్మ అది. యముడి నెత్తి మీద ఒక బొటనవేలు, కిందికి ఒత్తుతూ ఉంది. గోరు సగమే ఉంది. మిగతా సగం ఎప్పుడో బెల్లం పెనం దగ్గర కాలిపోయిందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అవ్వ తల తిప్పి, గడపలో నిలబడ్డ బాపును నేరుగా అడిగింది. "ఏమయ్యా, రోజూ వొత్తినవా?"

బాపు గోడ వైపు చూశాడు.

"నువ్వుగింజంతనే," అన్నాడు నాతో. "మీ అవ్వకు చెప్పు."