మా ఇంటి గసగసాల పొట్లం

రేపు పిల్లలతోని దుబాయి చూడవోతున్నం. మా ఆమె నాలుగొద్దుల నుంచి సకినాలు, మామిడికాయ తొక్కు, మటన్‌ల ఏసే గసగసాలు మూటలు గడుతున్నది. ఆమెను ఉడికిద్దామని మొన్న నోటికొచ్చింది అన్న: “గసగసాలు తీస్కపోతే దుబాయిల జైల్ల ఏస్తరు.” ఆమె నా దిక్కు సూడనన్న లేదు. ఇరవై ఏండ్ల నుంచి నా అబద్ధాలు వింటున్నది మరి.

ఇయ్యాల టికెట్ల కోసం ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయిన. టికెట్లిచ్చినాయిన చివరికి ఒక మాటన్నడు: “అన్నా, గసగసాలు మాత్రం పెట్టుకోకుండ్రి. అక్కడ అది మత్తుమందు లెక్క. దొరికితే జైలే.”

నేను పుట్టిచ్చిన అబద్ధం నిజమెట్లయింది?

అక్కడ్నే నిలవడి ఇంటికి ఫోన్ జేసిన.

“నీకు దండం వెడత, ఆ గసగసాలు తీసెయ్యి.”

“మల్ల షురూ జేసినవా?”

ఫోన్ టికెట్లాయిన చేతిల పెట్టిన. ఆయన పాపం మొత్తం వివరంగ చెప్పిండు. అంత ఇని ఆమె అడిగింది, నాకు గూడ ఇనవడ్డది: “గిట్ల చెప్పుమని మా ఆయన నీకేం తినవెట్టిండు తమ్మీ?”

దొరికిన బస్సెక్కి ఇంటికొచ్చి పెట్టెలన్ని ఇప్పిన. గసగసాల పొట్లం ఆమె పెట్టెల లేదు, పిల్లల పెట్టెల లేదు. నేను తీసి పారేస్తనని, పొట్లాన్ని నా పెట్టెలనే, నా ప్యాంటు జేబుల వెట్టి దారంతోని కుట్టింది. రేపు దొరికితే పోలీసులు ఎవర్ని గుంజకపోతుండిరి?

మీ పెట్టె ఎవరు సర్దుతరో కింద రాయుండ్రి.