నంబర్లు పిలిచే పిల్ల

మన ఇంటివాళ్ళ గ్రూపులో అందరూ బాగున్నారా? చెల్లెలా, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? గూడూరు కోడలికి జ్వరం తగ్గిందా? అన్నయ్యా, బీపీ మాత్రలు మానలేదు కదా?

ఈ రోజు కన్ను చూపించుకోవడానికి చిట్టమూరు నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళాను, చాలా ఏళ్ళ తర్వాత. పూర్వం అటెండరు గుమ్మంలో నిలబడి పేర్లు అరిచేవాడు, వినపడకపోతే కసిరేవాడు. ఇప్పుడు చేతికి నంబరు చీటీ ఇచ్చారు. ఎక్కడి నుంచో ఒక ఆడపిల్ల గొంతు నంబర్లు పిలుస్తోంది. నాది వినపడదేమో, ఇంత దూరం వచ్చి ఊరికే తిరిగి పోతానేమో అని ఒకటే దడ. కాసేపటికి ఆ దిగులు పిలిచే పిల్ల మీదికి మళ్ళింది. అంత జనాన్ని ఆగకుండా పిలుస్తోందే! నా నీళ్ళ సీసా తీసుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను.

“అమ్మా, లోపల నంబర్లు పిలస్తా ఉండే బిడ్డకు రోంత నీళ్ళియ్యి. గొంతెండిపోదా?”

“అది బిడ్డ కాదవ్వా, కంప్యూటరు. దానికి దప్పికెయ్యదు. నాకియ్యి, పొద్దున్నించి అరస్తా ఉండేది నేను” అని నవ్వి, సగం తాగేసి, నా చీటీ చూసింది. “అయ్యో అవ్వా, నీ నంబరు ఇప్పుడే పిలిచేసినాదే!”

ఆమె ఏదో నొక్కింది. ఆ గొంతు నన్ను మళ్ళీ పిలిచింది, రవ్వంత విసుగైనా లేకుండా.

“వస్తా ఉండానమ్మా!” అని గట్టిగా బదులిచ్చాను. వరండాలో అందరూ నవ్వారు.

కంప్యూటరే కావచ్చు, కానీ మొదట ఆ గొంతు ఏ తల్లి కన్న పిల్లదో? తెలిసినవాళ్ళు చెప్పండి. డాక్టరు కన్ను చూసి, ఆపరేషనుకు వచ్చే బుధవారం రమ్మన్నారు. నర్సమ్మకు వేరే సీసా తీసుకెళ్తాను.