దిండులో యాలక్కాయ

మొన్న మా అబ్బాయి ఫోన్ చేసి, మా పెళ్లిరోజుకి ఒక చిన్న విలాసవంతమైన ఓడలో సూట్ బుక్ చేస్తున్నానని, మంచం ఒకటి కావాలా రెండా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన పక్కగదిలోంచి రెండు చెప్పమన్నారు. టకానిని అనే ఈ శివారు పేటలో ఇల్లు కొన్నాక, నా గురక వంక పెట్టి ఆయన ఆ గదిలోకి మారి చాలాకాలమైంది. రేపు చెబుతానని పెట్టేశాను.

చదువులకని ఈ దేశం వచ్చి, చదివినదానికి ఉద్యోగం దొరక్క, పెళ్లయిన కొత్తలో అలాంటి ఓడలోనే ఇద్దరం పనిచేశాం. నేను పైన సూట్లు సర్దేదాన్ని, ఆయన అడుగున లాండ్రీలో. సూట్లంటే మాటలా! గోడంత కిటికీ, బాల్కనీ, నలుగురు దొర్లే మంచం. మాకు మాత్రం గాలీ వెలుతురూ లేని ఇరుకు కేబిన్లు, ఆడవాళ్లకి ఒక వైపు, మగవాళ్లకి ఇంకో వైపు. మొగుడూపెళ్లాలం మొర్రో అన్నా వినే నాథుడు లేడు. పసుపుతాడు రంగు దిగకముందే ఎవరో కొత్త జంటకి పక్క వేసి, తలుపు మూసి వస్తుంటే నాకు ఏడుపొచ్చేది. కిటికీ ఉన్న ఒక్క గది మాకంటూ ఇవ్వు స్వామీ అని మొక్కుకునేదాన్ని.

అది తెలిసి కాబోలు, ఆయన ఇస్త్రీ చేసి నా వంతు సూట్లకి పంపే దిండు గలీబుల మడతలో ఒక యాలక్కాయ దాచేవారు. దాన్ని బుగ్గన పెట్టుకుని పనంతా పాడుకుంటూ చేసేదాన్ని, మన ఈడువాళ్లకి ఇంతకంటే విడమరచక్కర్లేదు. ఒకరోజు నేను జ్వరంతో పడుకుంటే వేరే అమ్మాయి నా సూట్లు సర్దింది, ఒకదాంట్లో దిగినావిడ దిండు కింద ఆ కాయ చూసి పురుగో అని ఓడ దద్దరిల్లేలా అరిచింది. నా మీదికి రాకూడదని ఆయనే ఒప్పేసుకున్నారు. తరవాతి రేవులో ఆయన్ని దింపేశారు.

ఆయన క్రైస్ట్‌చర్చ్ వెళ్లి ఇళ్లు కట్టే పనిలో చేరారు, ఒప్పందం తీరేదాకా నేను ఓడలోనే ఉండిపోయాను. ఇస్త్రీ ఎవరో చేస్తున్నారని తెలిసీ, పిచ్చిదాన్ని, ప్రతి మడతా తడిమేదాన్ని.

ఇప్పుడీ ఇంట్లో నాలుగు గదులు, అన్నిటికీ కిటికీలున్నాయి. ఆ స్వామి నా మొక్కు లెక్కకు మించే తీర్చాడు. మొన్న ఫోన్ పెట్టేశాక ఆయన దిండుకి గలీబు మారుస్తూ లోపల ఒక యాలక్కాయ పెట్టాను. పొద్దున్నే, దిండులో పురుగేదో ఉంది చూడవే అని కేకేశారు. వెళ్లి, దులిపినట్టు చేసి, దాన్ని బుగ్గన పెట్టుకుని వచ్చేశాను.

అబ్బాయికి రెండు మంచాలనే చెప్పాను.