ఫార్మాట్ చెయ్యొద్దన్న ఫోను

2023, వానకాలం. మొయినాబాద్‌ల చేవెళ్ల రోడ్డు మీద మా మొబైల్ షాపు పెట్టి అప్పటికి చానా ఏండ్లయింది. రిపేరింగ్ నేనే చేస్త. కవర్లు, ఛార్జర్లు, రీఛార్జీలు మా ఆయన చూసుకుంటడు. ఆడమనిషి ఫోన్లు విప్పుడేందని మొదట్ల నవ్వినోళ్లు గూడ ఇప్పుడు ఇంట్ల ఆడోళ్ల ఫోన్లు నాకే తెచ్చిస్తరు. ఫొటోలు, మెసేజ్‌లు మగోళ్ల చేతిల పడొద్దని వాళ్ల ఫికర్.

నన్ను ఎక్కువమంది అడిగేది ఒక్కటే. తక్కువ ధరకొచ్చే నాలుగైదేండ్ల కిందటి సస్తా ఫోను ఇప్పుడు కొనచ్చా, వద్దా? నేను ముందు బ్యాటరీ చూస్త. వెనక డొప్ప జర ఉబ్బినట్టున్నా వద్దంట. తర్వాత డిస్‌ప్లే కంపెనీదా, డూప్లికేటా చూస్త. ర్యామ్ ఎంతున్నదో చూస్త. ర్యామ్ అంటే ఫోను ఒక్కసారి ఎన్ని పనులు పట్టుకుంటదో చెప్పేది, అది తక్కువుంటే వాట్సాప్ తెరిచేటప్పటికి చాయ్ తాగి రావచ్చు. ఆఖరికి సెక్యూరిటీ అప్‌డేట్. ఫోనులకు దొంగలు దూరకుండ కంపెనీ అప్పుడప్పుడు పంపే కొత్త తాళం అనుకోండి. పాత ఫోన్లకు ఆ తాళాలు రావుడు బంద్ అయితయి. కాల్స్‌కు, వాట్సాప్‌కు అయితే నడుస్తది, బ్యాంకు పనులు పెట్టుకోకుండ్రి అని చెప్పి పంపుత. పద్మ ఫోను చూసేదాక ఇంతకన్నా చెప్పేదేం లేదనుకున్న.

పద్మది సురంగల్. అజీజ్‌నగర్‌ల ఒక ఫామ్‌హౌస్‌ల వంట చేస్తది. పెనిమిటి టిప్పర్ నడుపుతడు, పదిహేను దినాలకొకసారి ఇంటి మొహం చూస్తడు. బిడ్డ గురుకులంల చదువుతది. పద్మ ఫామ్‌హౌస్ వెనక ఇచ్చిన రూంలనే ఉంటది. అప్పుడప్పుడు రీఛార్జ్‌కు వచ్చేది గనుక మొహం ఎరికే. ఆ దినం వచ్చి కొంగుల నుంచి ఒక ఫోను తీసి కౌంటర్ గ్లాసు మీద పెట్టింది.

"అక్కా, నా ఫోను నీళ్లల్ల పడి పోయింది గద. గిది మా మేనేజర్ యాదగిరన్న ఇచ్చిండు. పాతదే. కొన్ని దినాలు వాడి చూడు, మంచిగుంటే ఉంచుకో అన్నడు. ఉంచుకోవచ్చా?"

చేతిల పట్టుకుని చూసిన. ఐదేండ్ల కిందటి మాడల్. అప్పట్ల బస్సెక్కినోళ్లందరి చేతుల్ల అదే ఉండేది. గీతలు లేవు. డిస్‌ప్లే కంపెనీదే. బ్యాటరీ ఉబ్బలేదు. పాతదానికి ఇంత మంచిగున్నదంటే నాకే అనుమానం వచ్చింది.

"ఎంతకిస్తున్నడు?"

"పైసల సంగతి తర్వాత చూద్దాంలే అన్నడు."

"మీ మేనేజర్ గంత మంచోడా?"

పద్మ నవ్వింది. "మంచోడా! ఉప్పు ప్యాకెట్‌కు గూడ లెక్కడుగుతడు. గందుకే నీ దగ్గరికి తెచ్చిన. ఇంకోటి అక్కా, ఫార్మాట్ చెయ్యొద్దన్నడు. అన్ని సెట్ చేసి ఉన్నయట, చేస్తే ఖరాబైతదట."

ఫార్మాట్ అంటే ఫోనుల ఉన్నదంతా తుడిచి, కొత్తగ కొన్నప్పటి లెక్క చేసుడు. పాత ఫోను అమ్మేటోడు తన ఫొటోలు, లెక్కలు మనకు పోవద్దని తనే ముందుగాల ఫార్మాట్ చేస్తడు. చెయ్యొద్దని చెప్పేటోడిని నేనెన్నడు చూడలే.

"ఛార్జింగ్ ఎట్లుంటది?" అని అడిగిన.

"పొద్దున నిండ పెడితే పగటికల్ల అయిపోతది. పక్కన పడేసి ఉన్నా వేడైతది."

బ్యాటరీ లెక్కలు తెరిచిన. ఏ యాప్ ఎంత బ్యాటరీ తింటున్నదో అండ్ల కనబడతది. వాట్సాప్ కన్నా, కాల్స్ కన్నా పైన ఒకటున్నది. పేరు చూస్తే ఫోనుతోనే వచ్చిన సిస్టమ్ సర్వీస్ లెక్కనే ఉన్నది, అనుమానం రాదు. అది ఏమేం వాడుతున్నదని చూసిన. లొకేషన్, మైకు, కాల్స్, మెసేజ్‌లు. తీసేద్దామని నొక్కితే బటన్ పని చేస్తలేదు. ఇంకా లోపలికి పోయి చూస్తే దానికి డివైస్ అడ్మిన్ ఇచ్చి ఉన్నది. అంటే ఇంట్ల కిరాయిదారుకు ఇంటి పట్టా రాసిచ్చినట్టు. వెళ్లగొడదామంటే పోదు. ప్లే స్టోర్‌ల ఇసుంటి యాప్‌లను పట్టే స్కాన్ ఉంటది, దాన్ని గూడ ఎవరో ఆఫ్ చేసి పెట్టిండ్రు.

నేను నోటితోని ఏమనలే. ఆ ఫోను అప్పుడు గూడ వింటున్నదో ఏమో. పద్మకు వేలుతోని ఉష్ అని సైగ చేసి, ఫోనును తువ్వాలల చుట్టి గల్లా డబ్బా వెనక పెట్టిన. ఆమెను షాపు బయట మెట్ల మీదికి తీసుకపోయిన. రోడ్డు మీద లారీల మోత.

"పద్మా, ఆ ఫోనుల ఒక దొంగ యాప్ ఉన్నది. నువ్వు ఎక్కడికి పోతున్నవో, ఎవరితోని మాట్లాడుతున్నవో, పక్కన ఎవరేమంటున్నరో వినేటిది."

ఆమె మెట్టు మీద కూసున్నది.

"అక్కా, మొన్న ఐతారం హాస్టల్ నుంచి నా బిడ్డ ఫోన్ చేసింది. పెద్దమనిషయింది. భయపడి ఏడుస్తున్నది. నేను రూంల తలుపేసుకుని మాట్లాడిన. మా ఆయనకు గూడ చెప్పలే. తెల్లారి మా మేడమ్ ఫోన్ చేసి, బిడ్డకు నువ్వుల ముద్దలు చేసి పంపు పద్మా, నువ్వులు స్టోర్‌ల నుంచే తీసుకో అన్నది. ఎట్ల తెలిసిందని బిత్తరపోయిన. యాదగిరన్న కిటికీ దగ్గర నిలబడి విని మేడమ్‌కు చెప్పిండనుకున్న."

మేడమ్ అంటే ఆ ఫామ్‌హౌస్ ఓనరమ్మ. సిటీల ఉంటది. నెలకొకసారి వస్తది. రోజు పొద్దుమూకినంక పద్మకు ఫోన్ చేసి, ఏం వండినవు, ఎవరొచ్చిండ్రు, తోట ఎట్లున్నదని నిమ్మళంగ అడుగుతది. పద్మకు ఆమె అంటే పానం. ఫామ్‌హౌస్‌ల జనరేటర్ డీజిల్ తక్కువ పడుతున్నదని మేడమ్‌కు చెప్పింది గూడ పద్మనే.

"ఇప్పుడు సమజైంది," అన్నది పద్మ. "డీజిల్ యాదగిరన్ననే తీస్తున్నడు. నేను మేడమ్‌కు ఏం చెప్తున్ననో వినాలని ఫోను అంటగట్టిండు."

నాకు గూడ అట్లనే అనిపించింది. కాని ఒక మనిషి మీద ఇంత మాట వేసే ముందు జర ఆగాలె. సెకండ్‌హ్యాండ్ ఫోన్లల్ల పాతోడు వేసుకున్న యాప్‌లు ఉండిపోతయి. ఏదో ఆఫీసోళ్లు తమ మనుషుల మీద పెట్టింది గావచ్చు. ఆ మాటే చెప్పిన. ఇప్పుడే తుడిచేసిస్త అన్న.

పద్మ లేచి నిలబడ్డది. "తుడవకు అక్కా. తుడిస్తే నాకు ఎన్నడు తెల్వదు. నా బిడ్డ ఏడుపు ఎవడు విన్నడో నాకు తెల్వాలె."

ఆ ఉపాయం ఆమెదే. వంటింట్ల ఒక్కతే ఉన్నప్పుడు ఎవరికీ కాల్ కలపకుండ, కలిపినట్టు చేసి ఒక అబద్ధం చెప్తనన్నది. మంగళవారం మేడమ్ వచ్చి జనరేటర్ రూం తాళం తీయిస్తదట అని. ఆ మాట ఫోనుకు తప్ప ఎవరికీ తెల్వదు. యాదగిరి వింటే రూం సదురుకోవాలె.

రెండు దినాలు నాకు పని మీద మనసు నిలవలే. ఎవరి ఫోను విప్పినా ముందు ఆ యాప్ ఉన్నదేమో అని చూసిన. మా ఆయన ఫోను గూడ చూసిన. ఆయన నవ్విండు, నేను నవ్వలే.

మూడో దినం పద్మ వచ్చింది. ఒక్కతే కాదు. వెంట సన్నగ, పొడుగ్గ, మెడల తువ్వాల వేసుకున్న ఒకాయన ఉన్నడు.

"గీయననే యాదగిరన్న," అన్నది.

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టలే.

పద్మనే చెప్పింది. అబద్ధం చెప్పినంక యాదగిరిని కనిపెట్టుకుంట ఉన్నదట. ఆయన జనరేటర్ రూం దిక్కు గూడ పోలేదు. మామిడి చెట్లకు పాదులు చేయించుకుంట కూసున్నడు. పొద్దుమూకినంక ఎప్పటి లెక్కనే మేడమ్ ఫోన్ చేసింది. ఏం వండినవని అడిగింది. మధ్యల, ఎవరూ అడగకముందే ఒక మాటన్నది.

"మంగళవారం నేను వస్తలేను పద్మా. వస్తున్ననని ఎవరన్న చెప్పిండ్రా?"

పద్మ చేతిల గంటె అట్లనే ఆగిపోయిందట.

అప్పటికి గూడ యాదగిరి విని మేడమ్‌కు చెప్పిండేమో అన్న అనుమానం పోలే. తెల్లారి ఆయనే వచ్చి గరమైండు. మంగళవారం మాట పద్మకు నువ్వే చెప్పినవా అని మేడమ్ నన్ను తిట్టింది, నాకు ఏ మంగళవారం సంగతి తెల్వదు, ఏంది లొల్లి అని. ఆయన మొహం చూస్తే పద్మకు అర్థమైంది. ఇద్దరి ఫోన్లు రూంల పెట్టి, బావి దగ్గరికి పిలిచి అంతా చెప్పింది.

యాదగిరి నా ముందట కుర్చీల కూసున్నడు. "అమ్మా, ఆ ఫోను నాది గాదు. మేడమ్ సిటీ నుంచి పంపింది. నా పేరు చెప్తే పద్మ మొహమాటపడి తీసుకోదు, నీదని చెప్పి ఇయ్యి అన్నది. ఫార్మాట్ చెయ్యొద్దన్నది గూడ ఆమెనే. నాకేం తెలుసు?"

జేబుల నుంచి, బంద్ చేసి తెచ్చుకున్న తన ఫోను తీసి గ్లాసు మీద పెట్టిండు. అదే మాడల్.

"ఇది నాకు పోయిన దసరకు ఇచ్చింది. జర చూడు."

చూసిన. అదే పేరు, అదే యాప్, అన్నిటికీ తలుపులు తెరిచే ఉన్నయి. ఫోను ఆయన దిక్కు తిప్పి చూపెట్టిన.

"నా భార్య దవాఖాన ముచ్చట్లన్ని గీ ఫోనులనే మాట్లాడిన," అన్నడు మెల్లగ. తువ్వాలతోని మొహం తుడుచుకున్నడు.

అప్పుడు నాకు ఇంకొక సంగతి తట్టింది. మంచి పైసలున్నామె, ఇచ్చేదుంటే కొత్త ఫోనే ఇయ్యొచ్చు. ఏరి ఏరి ఇంత పాత మాడల్ ఎందుకు? కొత్త ఫోన్లల్ల మైకు నడుస్తుంటే స్క్రీన్ పైన మూలకు చిన్న ఆకుపచ్చ చుక్క వస్తది. తాళాలు గూడ గట్టిగుంటయి. ఈ పాత ఫోనుల చుక్క రాదు. ఆమెకు అది ఎరుకేనో, చేతికందిన మాడల్ కొన్నదో నేను చెప్పలేను. రెండు ఒక్క తీరుగనే ఉండుడు మాత్రం నాకు మంచిగనిపించలే.

"ఇది నేరం," అని చెప్పిన. "స్టేషన్‌కు పోదామంటే నేను వస్త. ఏం చూసిననో నేనే చెప్త."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. యాదగిరికి ముగ్గురు పిల్లలు, ఇల్లు ఫామ్‌హౌస్ గేటు పక్కనే. పద్మ రూం గూడ వాళ్లదే. "ముందు ఆమెనే అడుగుతం అక్కా," అన్నది పద్మ.

ఆ వచ్చే ఐతారం మేడమ్ వచ్చింది. జరిగింది పద్మ తర్వాత నాకు చెప్పింది. మేడమ్ చాయ్ అడిగితే పద్మ చాయ్ పెట్టి, ట్రేల కప్పు పక్కన రెండు ఫోన్లు పెట్టి తీసుకపోయిందట. యాదగిరి వెనక నిలబడ్డడు.

మేడమ్ ముందు తెల్వనట్టు చేసింది. తర్వాత గరమైంది. ఆఖరికి గొంతు దించింది.

"ఇంత ఆస్తి మీ చేతుల్ల పెట్టి నేను సిటీల ఉంటున్న. డీజిల్ పోతున్నదని నువ్వే చెప్పినవు. ఎవరిని నమ్మాలె నేను? నాకు భయం ఉండదా?"

"భయముంటే జనరేటర్‌కు కెమెరా పెట్టుకో అమ్మా," అన్నదట పద్మ. "నా బిడ్డ నాతోని చెప్పుకున్నది నువ్వెందుకు వినాలె?"

"మంచికే గద, నువ్వుల ముద్దలు చేసి పంపుమన్న."

"చేసి పంపిన. నువ్వు మంచిదానివనుకుని పంపిన."

మేడమ్ చాయ్ తాగలే. రెండు ఫోన్లు బ్యాగుల వేసుకుని పోయింది. ఎవరినీ పని మానమనలే, తప్పయిందని గూడ అనలే. పొద్దుమూకి ఫోన్ చేసుడు మాత్రం బందయింది.

నెల తిరగకముందే పద్మ పని మానేసింది. ఇప్పుడు దొంతన్‌పల్లి దిక్కు పిల్లల హాస్టల్ మెస్‌ల వండుతది. యాదగిరి అక్కడ్నే ఉన్నడు, తన పైసలతోని కొత్త ఫోను కొనుక్కున్నడు. డీజిల్ ఎవరు తీసిండ్రో ఇప్పటికీ తెల్వదు. పద్మ ఇంకా యాదగిరినే అంటది. యాదగిరి నైట్ వాచ్‌మన్‌ను అంటడు. ఆ ఫోన్లు ఫామ్‌హౌస్‌కు వచ్చినంక ఎవరి మీది అనుమానమూ పూర్తిగ పోలేదు, అది నాకు తెలుస్తనే ఉన్నది.

మేడమ్‌ను నేను చూడలే. ఒక్కసారి చూడాలని ఉండె. ఆమెకు ఆ ముచ్చట్లన్ని వింటుంటే నిద్ర ఎట్ల పట్టిందో అడగాలనిపించింది. పరాయి ఇండ్ల కష్టాలు, పిల్లల ఏడుపులు, దవాఖాన మాటలు, అన్ని విన్నంక గూడ ఆమెకు దొంగ దొరకలే.

నాలుగైదేండ్ల కిందటి ఫోను కొనచ్చా అని ఇప్పటికీ రోజు ఎవరో ఒకరు అడుగుతరు. బ్యాటరీ, డిస్‌ప్లే, ర్యామ్ చూస్త, అవి చెప్పుడు పెద్ద పని గాదు. అయితే ఇప్పుడు ఫోను చేతిల పట్టుకోకముందే అడుగుత, ఇది ఎవరిచ్చిండ్రు, ఎందుకు ఇచ్చిండ్రు అని. మా మామ ఇచ్చిండు, మా సార్ ఇచ్చిండు, మా ఆయన ఇచ్చిండు అంటే ఇంకా జాగ్రత్తగ చూస్త. ఎరికలేనోళ్ల దగ్గర కొన్నదైతే ఎవరైనా రెండుసార్లు చూపించుకుంటరు. మనోళ్లు ప్రేమగ ఇచ్చిందైతే చూపించుకోనికి సిగ్గుపడతరు. ఆ సిగ్గు వద్దని చెప్త. వాళ్ల ముందటనే మొత్తం తుడిచి, వాళ్ల చేతులతోనే కొత్త పాస్‌వర్డ్ పెట్టిస్త. ఆ పాస్‌వర్డ్ ఏందో నాకు గూడ చెప్పొద్దని మొహం అటు తిప్పుకుంట.