రాజోలు అరుగు మీద ఒక పూట

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. గుమ్మం ముందు చోటికి హైదరాబాదులో అందరూ ‘సిటౌట్’ అనే రాయమంటారు. అందులో ఒక కుర్చీ వేస్తే మనిషి నిలబడే చోటుండదు. ఆ మాట రాసి రాసి విసుగెత్తి, అరుగు, వసారా, సావిడి అన్న పేర్లు ఇంకా వాడుకలో ఉన్న ఇళ్ళు చూద్దామని రెండువేల ఐదు వేసవిలో కోనసీమ బయల్దేరాను. అమలాపురంలో మా అమ్మ చెల్లెలు సత్యవతి పిన్ని ఉంది. రాజోలులో మంచి మండువా ఇల్లుందని చెప్పింది ఆవిడే. ఆ ఇంట్లో ఆవిడకి వేరే పని కూడా ఉంది. గల్ఫు పంపిస్తానని ఆ ఇంటాయన ఏడాది కిందట ఆవిడ పాస్‌పోర్టు తీసుకున్నాడు. వీసా రాలేదు, పాస్‌పోర్టూ తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు మస్కట్‌లో తెలిసినవాళ్ళింట్లో వంటపని కుదిరింది. పాస్‌పోర్టు వీసా వేయించడానికి నాతో హైదరాబాదు వస్తేనే ఆ పని దక్కేది.

రాజమండ్రిలో పొద్దున్నే రైలు దిగితే అమలాపురం బస్సులు వెంటవెంటనే ఉంటాయి. రావులపాలెం దాటాక కొత్తపేట మీదుగా దారంతా పచ్చదనమే, కిటికీ పక్క సీటు వదులుకోకండి. పిన్ని ఇంట్లో పెసరట్లు తిని, ఇద్దరం రాజోలు బస్సెక్కాం. గంట పైనే పట్టింది. అక్కడ ఆటో అతనికి ఇంటి గుర్తు చెబితే నవ్వాడు.

“ఆయ్, ఆ ఇంటికాండీ? సావిట్లోకా, అరుగు మీదకాండీ?”

“ఎందుకు?”

“అరుగు మీదకైతే తొందరేం లేదు కదండీ. మెల్లగా పోనిస్తాను.”

వెళ్ళాక అర్థమైంది. వీధి అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరూ పాస్‌పోర్టుల కోసం వచ్చినవాళ్ళే. పిన్ని వాళ్ళని పేరుపేరునా పలకరించింది. ఎన్నిసార్లు వచ్చి కూర్చుని వెళ్ళిందో మరి! ఇంతలో గుమస్తా బయటికొచ్చి నా మెళ్ళో కెమెరా చూశాడు.

“మేడమ్ గారూ, ఎండలో ఉన్నారేంటండీ? సావిట్లోకి రండి, ఫ్యానుంది. ఆవిడకి అరుగు అలవాటేనండి.”

“ఆవిడ మా పిన్ని.”

“అయ్యో, ముందే చెప్పలేదేంటండీ! అయితే వసారాలో కూర్చోబెడతామండి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాదిగా అరుగు దాటనివ్వని మనిషికి నా చుట్టరికం వల్ల ఒక్క మెట్టు ఎక్కిస్తాడట, అదీ ఒక మెట్టేనా! తిట్టినా బాగుండేది. ఆ అండీలతో, ఆ నవ్వుతో మనిషిని గుమ్మం బయటే ఆపేస్తుంటే ఎవరి మీద అరవాలి?

“మీ అయ్యగారినే ఇక్కడికి రమ్మనండి,” అన్నాను.

“వారు అరుగు మీదకి రారండి.”

“అయితే మేమూ లోపలికి రాం.”

కూర్చున్నాం. కాసేపటికి నాకొక్కదానికే గ్లాసుతో కొబ్బరినీళ్ళు వచ్చాయి. పిన్నికిచ్చాను. పిన్ని తన పక్కనున్న, నగరం అనే ఊరి నుంచి వచ్చిన మంగమ్మకిచ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి, పట్నం ఆడమనిషి ఇక్కడ కూర్చుందేమిటని ఆరా తీయడం మొదలుపెట్టారు. అదే పనిచేసింది. భోజనాల వేళకి ఇంటాయన కండువా సర్దుకుంటూ బయటికొచ్చాడు.

“ఏంటమ్మా ఇది? మీరు వీధిలో కూర్చుంటే మా పరువేం కావాలి? లోపలికి రండి, కాఫీ తాగి మాట్లాడుకుందాం.”

“కాఫీ వద్దండి. సత్యవతి గారి పాస్‌పోర్టు ఇప్పించండి.”

ఆయన గుమస్తా వైపు చూశాడు. గుమస్తా లోపలికెళ్ళాడు, సొరుగు లాగిన చప్పుడైంది, పాస్‌పోర్టుతో వచ్చేశాడు. అంతే! ఏడాదిపాటు పిన్ని ఎండలో కూర్చున్నది, గోడకి అవతల సొరుగులో ఉన్న దానికోసం. నాకు కోపంతో ఏడుపొచ్చింది. పద పిన్నీ, అని లేచాను.

పిన్ని లేవలేదు. పాస్‌పోర్టు సంచిలో పెట్టుకుని, మంగమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఈవిడది కూడా ఆ సొరుగులోనే ఉంటుందండి. ఈళ్ళందరివీను. చూడమనండి.”

“రేపు రండమ్మా, చూద్దాం,” అన్నాడాయన.

“ఆయ్,” అంది పిన్ని, ఎంతో మర్యాదగా. “రేపటిదాకా ఇక్కడే కూర్చుంటామండి.”

ఒక్కరూ కదల్లేదు. వీధిలో జనం పెరిగారు. మేం సాయంత్రం బస్సుకి బయల్దేరేసరికి ఎవరిది వాళ్ళ చేతికొచ్చింది, అరుగు ఖాళీ.

ఆ ఇంటి ఫోటో ఒక్కటీ తియ్యలేదు. మర్నాడు పిన్నీ నేనూ అద్దె కారులో వెళ్ళిన ఒక హోటల్లో అద్దాల గదిని లాంజి అని, మమ్మల్ని అందులో కూర్చోమన్నారు. మమ్మల్ని తెచ్చిన డ్రైవరుని మాత్రం చెట్టు కింద ఉండమన్నారు. కోపం మళ్ళీ మొదటికొచ్చింది. పేర్లు పోగేసుకుందామని వెళ్ళినదాన్ని, ఏ పేరున్న చోట ఎవర్ని ఆపుతారో నేర్చుకుని వచ్చాను. ఇప్పుడు ప్లాను గీసేటప్పుడల్లా ఇక్కడ ఎవర్ని కూర్చోబెడతారని అడుగుతున్నాను. కొందరు ఇంటివాళ్ళకి నచ్చడం లేదు.

పాత ఇళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పొద్దుటి బస్సుకే వెళ్ళండి, మధ్యాహ్నం ఎవరూ తలుపు తియ్యరు. మిమ్మల్ని లోపలికి రమ్మంటే మాత్రం, మీతో వచ్చినవాళ్ళని ఎక్కడ కూర్చోమన్నారో చూసుకుని గడప దాటండి.